గాలి లెక్క తెగని పొద్దు

పోయిన వారం మనం ఆగింది మా పెరట్లో, నెత్తళ్ళు ఆరబోసిన బరకం పక్కన. విశాఖపట్నంలో తుపాను లెక్కలు కట్టే చోట పనిచేస్తున్న మా యమున చెప్పాపెట్టకుండా భావనపాడు వచ్చి మూడు రోజులైంది. అన్నం సరిగ్గా తినదు, కంప్యూటరు ముందు నుంచి లేవదు. శుక్రవారం తెల్లవారుతూనే నేను ఆ చిన్న చేపల్ని చేటతో నెరుపుతుంటే వెనక వచ్చి నిలబడి, "అమ్మా, నాగబాబు మావ ఆకరిసారి ఏటకెల్లిన రోజు నాను నీకు ఫోన్లో ఏటి సెప్పినాను?" అని అడిగింది. నా చేతిలో చేట జారి ఇసకలో పడింది.

చేట తీయడానికి వంగినదాన్ని ఎంతసేపు వంగే ఉన్నానో నాకే తెలియదు. ఇసకలో పడ్డ నెత్తళ్ళు వెండి పూసల్లా మెరుస్తున్నాయి. ఒక్కొక్కటే ఏరాను. ఏరినంతసేపూ జవాబు చెప్పక్కర్లేదు కదా అని.

నాగబాబు నా తమ్ముడు. రెండేళ్ళ కిందట ఇలాంటి తెల్లటి పొద్దునే బోటు తోసుకుని వెళ్ళాడు. ఐదో నాటికి బోటు ఒడిశా ఒడ్డున బోర్లా దొరికింది. వాడు దొరకలేదు. అప్పట్నుంచి నాకు మెలకువా నిద్రా కలిసిపోయాయి. బిందె ముంచుతుంటే వెనక తడికాళ్ళ చప్పుడు వినిపిస్తుంది. టీ పోస్తే ఒక గ్లాసు ఎక్కువవుతుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, ఎండ మాత్రం గుమ్మంలో కూర్చుని ఉంటుంది.

"సెప్పమ్మా," అంది యమున.

"రెండేళ్ళ నాటి మాట నాకేటి గురుతు?"

"నీకు గురుతు నేకపోడమా? ఒకటో కలాసులో నాను పారేసుకున్న పలక సంగతి ఇప్పటికీ సెప్తన్నావు."

బరకానికి అవతలి వైపు దుర్గ కూర్చుని నెత్తళ్ళలోంచి చిన్న పీతల్ని ఏరి పారేస్తోంది. దుర్గ నాగబాబు భార్య. తమ్ముడు పోయినప్పట్నుంచి పగలంతా నాతోనే ఉంటుంది. మాట తక్కువ. అప్పుడూ తలెత్తలేదు.

గుర్తు లేకపోవడమేమిటి! "బలం తగ్గిపోతాదమ్మా, ఒడిశా ఎల్లిపోతాది, మనకి రెండు జల్లులే" అంది ఆనాడు యమున. నేను ఫోను పడేసి గట్టు దిగి ఒడ్డుకి పరిగెత్తాను. బోటు మీద చెయ్యేసి నిలబడ్డ తమ్ముడికి ఆ మాట చెప్పాను. ఊరందరి భయం ఒక్కదాన్నే మోసే మనిషిని, ఆ ఒక్క పూట ధైర్యం చెప్పాను. ఈ సంగతి నా మొగుడికీ చెప్పలేదు, దుర్గకీ చెప్పలేదు.

ఇంతలో నా మొగుడు ఎల్లాజీ డీజిలు డబ్బా పట్టుకుని బయటికొచ్చాడు. కూతుర్ని చూస్తే ఆయన ముఖం విచ్చుకుంటుంది.

"ఏటే గుంటా, నీ కంప్యూటరు డబ్బా ఏటంటాది?"

"లెక్క ఇంకా అవనేదు నానా. అయ్యేదాకా ఎల్లకు."

"అది లెక్కెట్టేలోగా నాను సేపలెట్టుకొచ్చేస్తాను."

"తమాసా కాదు నానా."

"తమాసా నానెందుకాడతాను? రేపు సాయంకాలం నుంచి సముద్రం మీదకెల్లొద్దని మైకులో సెప్పినారు. ఇయ్యాల ఎల్లొద్దన్నారేటి? పది గంటలకి బోటు తోస్తాం, రేపు మద్యానం పన్నెండుకి ఒడ్డునుంటాం. తుపాను ముందు సేప ఒడ్డుకెక్కుతాది. ఈ ఒక్క రోజే."

"మావా, ఎల్లొద్దు," అన్నాను నేను.

"నువ్వెప్పుడు ఎల్లమన్నావే గున్నమ్మా? పెల్లైన కాణ్ణుంచి సముద్రంలో నీరున్నాదని భయపడతన్నావు."

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నా మాటకి విలువ లేకుండా చేసుకున్నది నేనే. రోజూ భయపడేదాని భయం ఏ రోజుకి నిజమో ఎవరికి తెలుస్తుంది?

ఆ పొద్దు చూడ్డానికి ఎంత బాగుందంటే చెప్పలేను. గాలి లేదు. సముద్రం పాలగిన్నెలా నిలిచిపోయింది. ఆకాశానికీ నీళ్ళకీ మధ్య గీత చెరిగిపోయి, దూరాన ఒక కొంగ నీటిలో ఎగురుతోందో ఆకాశంలో ఈదుతోందో తెలియడం లేదు. అలాంటి పొద్దు చూస్తే అందరికీ హాయి. నాకు మాత్రం తమ్ముడు వెళ్ళిన పొద్దే కనిపిస్తుంది.

యమున నన్ను లోపలికి పిలిచింది. మంచం మీద కంప్యూటరు. ఆ లెక్క ఇక్కడ జరగదట. విశాఖలో పెద్ద యంత్రంలో జరుగుతుంది, ఇక్కడ మాత్రం కనిపిస్తుంది. నీలం రంగు మీద తెల్లటి సుడి మెల్లగా తిరుగుతోంది. నిద్రలో పసిపిల్ల పెదవి కదిపినట్టు కదులుతోంది. ఇదా నా తమ్ముణ్ణి మింగినది? ఇంత అందంగా ఉంటుందా? చూస్తూ చూస్తూ ఒక్క క్షణం కళ్ళు మూతలు పడ్డాయి.

తెరిచేసరికి సుడి లేదు. తెర నిండా అంకెలు.

"గాలి గంటకి తొమ్మిది వేల..." పైకే చదివాను. నేను ఏడో తరగతి చదివాను, అంకెలు బాగానే వచ్చు. "ఓలమ్మో! తొమ్మిది వేల కిలోమీటర్లే! పదండే, సామాన్లు సర్దండే, ఊరు ఊరంతా ఎగిరిపోద్ది!"

వాకిట్లోకి ఉరకబోతే యమున చెయ్యి పట్టుకుని ఆపింది. మూడు రోజుల తరవాత మొదటిసారి నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"అది గాలి కాదమ్మా. లెక్క పేలిపోనాది."

"లెక్క పేలడమేటే? అదేటి సిలిండరా?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. సముద్రాన్నీ ఆకాశాన్నీ గడులుగా కోస్తారట. ఒక్కో గడికి గాలి ఎంత, వేడి ఎంత, తడి ఎంత అని అంకెలు. ఇప్పటి అంకెల్ని పట్టుకుని కొన్ని సెకన్ల తరవాత ఏమవుతుందో యంత్రం కడుతుంది. దాన్ని పట్టుకుని ఇంకొన్ని సెకన్లు. అలా అడుగు మీద అడుగు వేసుకుంటూ రేపటికి చేరుతుంది.

"రేపటికెల్లడానికి ఎన్నడుగులు?"

"ఎల్లుండి దాకా ఎల్లాలంటే పది వేల దాకా."

"అంత నడిసి అలిసిపోదేటి పాపం."

"నాను తొందరపడ్డానమ్మా. బేగి రావాలని అడుగు పెద్దదేసినాను. గాలేమో జోరుమీదున్నాది. ఒక అడుగు పడేలోగా గాలి పక్క గడి కూడా దాటి పోనాది. ఇంక అదెక్కడున్నాదో లెక్కకి తెలీదు. తప్పు మీద తప్పు పెరిగి తొమ్మిది వేలయ్యింది."

నాకు పెరట్లో బరకం గుర్తొచ్చింది.

"అంటే నెత్తళ్ళు తిరగెయ్యడం లాగే గదా. మబ్బు రోజు గంటకోసారి తిరగేసినా పర్వానేదు. ఎండ సురుక్కుమన్న రోజు గంట ఊరుకుంటే ఒక పక్క మాడిపోద్ది. ఎండ ఎంత సురుకైతే మనం అంత బేగి బేగి లెగాలి."

యమున నా వంక వింతగా చూసింది. "ఇది నేర్సుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది," అంది.

నాకు కొంచెం గర్వంగా అనిపించింది. ఆ గర్వం రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

"అయితే గడులు పెద్దవి సేసుకోవచ్చు గదే?"

"పెద్ద గడులది రాతిరే అయిపోనాది. గడి పన్నెండు కిలోమీటర్లు. బలం నేదు, మెల్లగా ఒడిశా ఎల్లిపోతాది అంటన్నాది. దాన్ని నాను నమ్మను. తుపాను కన్ను సుట్టూ ఉన్నాదే, అసలైన గాలి, అది సన్నటి కంకణం. పెద్ద గడిలో ఏసి కలిపీస్తే పులుసులో కారమ్ముద్ద కలిపీసినట్టే. కారం అందులోనే ఉన్నాది, ఎక్కడ మండుతాదో తెలీదు. అందుకని మూడు కిలోమీటర్ల గడులెట్టినాను. అదే ఇప్పుడు పేలింది."

"మరిప్పుడేటి దారి?"

"రెండు దార్లు. గాలి ఎక్కడెక్కడ ఎగిరి పడతన్నాదో అక్కడల్లా సదును సేసీమని యంత్రానికి సెప్పచ్చు. అప్పుడు పేలదు, గంటలో అయిపోద్ది. కానీ తుపాను కన్ను కూడా సదునైపోద్ది. రెండోది, అడుగు సిన్నది సేసి మొదట్నుంచీ నడిపించడం. పదకొండున్నర అవుతాది."

"పది గంటలకి మీ నాన ఎల్లిపోతాడు! ఆ మొదటిదే సెయ్యి, గంటలో అయ్యేదే సెయ్యి! ఏదో ఒకటి సెప్తే నా గుండె నిలబడతాది."

యమున వేళ్ళు ఆగిపోయాయి. తెర వెలుగులో దాని ముఖం నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించింది.

"ఆ రోజూ నువ్వు ఇదే మాటన్నావమ్మా."

"ఏ రోజు?"

"ఆ రోజూ ఇలాగే పేలింది. మళ్ళీ నడిపించడానికి నాలుగ్గంటలు. నువ్వు పదకొండుసార్లు ఫోన్ సేసినావు. పదకొండోసారికి నీకు ఊపిరాడతంనేదు. ఏదో ఒకటి సెప్పవే, గుండె ఆగిపోద్దన్నావు. నాను సదును సేసీసి వొచ్చిందే సెప్పేసినాను. తప్పని నాకు తెలుసు. కానీ అది సల్లగా ఉన్నాది. నీకియ్యడానికి బాగున్నాది. తుపానుకి భయపడనేదమ్మా నాను. నీ భయానికి భయపడినాను. నాలుగ్గంటల తరవాత అసల్ది వొచ్చింది. అప్పటికి మావ ఫోను అందతంనేదు."

ఇల్లంతా ఒక్కసారి నీటిలో మునిగినట్టయింది. దాని పెదవులు కదులుతున్నాయి, నాకు వినిపించడం లేదు. కూతురు నా కోసం ఒక మెత్తటి అబద్ధం వండి పెట్టింది. దాన్ని నేను కొంగున కట్టుకుని తమ్ముడికి తీసుకెళ్ళి తినిపించాను.

"నువ్వు నాకు సెప్పినావు," అన్నాను. "నాను ఆడికి సెప్పినాను. ఆగిపోదామా అక్కా అనడిగినాడే ఆ రోజు. ఎల్లరా, యమున సెప్పింది, ఏటీ నేదు అన్నాను."

గుమ్మంలో దుర్గ నిలబడి ఉంది. చేతులకి పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. ఎప్పట్నుంచి నిలబడిందో.

"అయితే వదినా, ఆయన ఆగిపోతానన్నాడేటి?"

నేను తలూపాను. ఆమె ఏడుస్తుందేమో, జుట్టు పట్టుకుంటుందేమో అని ఎదురుచూశాను. కొడితే బాగుండుననిపించింది.

దుర్గ యమున వైపు తిరిగింది.

"లెక్క పదకొండున్నరకి అవుతాదన్నావు గదా?"

"అవుతాదత్తా."

"తప్పకుండానా?"

"తప్పకుండా అనే మాట ఇంక నాను ఎవలికీ సెప్పనత్తా. అవ్వచ్చు."

దుర్గ చేతులు కొంగుకి తుడుచుకుంది. చెప్పులు వేసుకోకుండానే వాకిలి దాటింది. యమున ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, చిన్న అడుగుల లెక్కనే మొదట్నుంచీ నడిపించింది.

దుర్గ ఎటు వెళ్ళిందో చూడాలన్న జ్ఞానం నాకు వెంటనే రాలేదు. వాకిట్లోకి వచ్చి చూశాను. ఆమె నడిచింది సముద్రం వైపు. నేను నెత్తళ్ళు తొక్కుకుంటూ పరిగెత్తాను. సరుగుడు తోట దాటుతుంటే నా కళ్ళ ముందు అంతా ముందే జరిగిపోయింది. ఆమె చీర నీళ్ళ మీద తేలుతోంది, మగవాళ్ళు మోసుకొస్తున్నారు, నేను గుండెలు బాదుకుంటున్నాను. ఏడుపు కూడా మొదలుపెట్టేశాను.

తీరా చూస్తే దుర్గ కూర్చుని ఉంది. బోట్లు నీళ్ళలోకి తోసే వాలులో, సరిగ్గా మా బోటు ముక్కు ముందు, ఇసకలో కాళ్ళు చాపుకుని.

మా ఒడ్డు సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. బోటు తోసే వేళకి మొగుడు పోయిన మనిషి, అపశకునమని, ఎదురు రాదు. ఎవరూ రావద్దనరు, ఆ మనిషే రాదు. ఇటు పని ఉంటే తోట చాటు నుంచి చుట్టూ తిరిగి పోతుంది. రెండేళ్ళుగా దుర్గ అలాగే తిరిగి పోయింది. ఆ వాలులో ఆమె అడుగు పడడం ఇదే.

తొమ్మిది బోట్లు. ముప్పైమంది దాకా మగవాళ్ళు. ఒక్కరి చెయ్యీ బోటు మీద లేదు.

"సెల్లీ, లెగమ్మా," అంటున్నాడు ఎల్లాజీ. మెత్తగానే అన్నాడు. "ఇదేటి పని?"

"నాను ఎదురొచ్చీసినానన్నా. ఇంక ఎల్తే ఎల్లండి."

"దుర్గా, నీకు పిచ్చి పట్టిందేటే?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"రెండేళ్ళు మీ సెకునం సాంగ్యం నాను మోసినాను గదా. ఇయ్యాల ఒక్క పూట మీరు మొయ్యండి."

ఎవరూ దగ్గరికి రాలేదు, ముట్టుకోలేదు. కాసేపు గొణుక్కున్నారు. పెద్దవాళ్ళు తేల్చారు: ఇళ్ళకి పోయి తలస్నానం చేసి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ బయల్దేరడం. పది గంటల ప్రయాణం పదిన్నర దాటింది.

నేను దుర్గ పక్కన కూలబడ్డాను. ఇద్దరం సముద్రాన్ని చూస్తూ ఉండిపోయాం. నీళ్ళు కాళ్ళ దాకా వచ్చి, ఏదో చెప్పబోయి మరిచిపోయినట్టు వెనక్కి పోతున్నాయి. ఎండ పెరిగింది. ఆ వెలుగులో బోట్లూ ఇసకా గాలిలో కరిగి ఊగుతున్నాయి.

"నామీద కోపం నేదేటే?" అన్నాను.

"ఉన్నాది వదినా. కోపం రేపు పడతాను. ఇయ్యాల కాళీ నేదు."

మగవాళ్ళు తడి జుట్టుతో కొబ్బరికాయలు పట్టుకుని తిరిగొచ్చారు. దుర్గ లేచి నాలుగడుగులు పక్కకి నడిచి, మళ్ళీ వాళ్ళకెదురుగా వచ్చి కూర్చుంది.

ఎల్లాజీ తల పట్టుకున్నాడు. "ఎన్నిసార్లు తానం సేయిస్తావే సెల్లీ?"

"నూతిలో నీరున్నంతసేపు."

ఎవరో ఫక్కున నవ్వారు. తరవాత ఇంకొకరు. ఆ నవ్వుతో కోపం కొంత జారింది గానీ పట్టుదల జారలేదు. కుర్రవాళ్ళు కొందరు పక్కనున్న బోటు వైపు కదిలారు. ఈవిడ ఒక బోటుకే గదా అడ్డం, అవతలి పక్క నుంచి తోసేద్దాం అన్నారు. ఎల్లాజీ వద్దనలేదు.

అప్పుడు తోటలోంచి యమున వచ్చింది. పరిగెత్తడం లేదు. నిద్రలో నడిచేదానిలా వస్తోంది. చేతిలో మడత పెట్టిన కాగితం. నేరుగా వచ్చి నా చేతిలో పెట్టింది.

"అయ్యింది. నా నోటితో సెప్పనమ్మా. రాసినాను. నువ్వే సదివి ఇనిపించు. రాసింది రాసినట్టు."

మడత విప్పాను. రెండే వాక్యాలు. 'రేపు మధ్యాహ్నం రెండు గంటలకి ఇక్కడ సముద్రం లేస్తుంది, పెద్ద గడుల లెక్క చెప్పినదానికంటే చాలా ఎక్కువగా. మూడు గంటలు ముందైనా కావచ్చు, మూడు గంటలు వెనకైనా కావచ్చు.'

రెండు గంటలకి. వీళ్ళు పన్నెండుకి ఒడ్డున ఉంటారు. ఈ మొదటి వాక్యం చదివితే చాలు, బోట్లు తోసేస్తారు. రెండో వాక్యం వాళ్ళ చెవుల్లో పడదు. మూడు గంటలు ముందైతే పదకొండు. పదకొండుకి వీళ్ళు ఇంకా సముద్రం మీదే ఉంటారు. కానీ ఆ లెక్క వేసుకునే ఓపిక ఎవరికుంది? "రెండట" అంటారు, అంతే.

"సెప్పవే," అన్నాడు ఎల్లాజీ. "నీ కూతురు లెక్క ఏటన్నాది? ఎన్ని గంటలకి?"

ముప్పైమంది నా నోటి వంక చూస్తున్నారు. ఈ ఒడ్డున నా మాట కోసం ఇంతమంది ఆగడం నా జన్మలో ఇదే మొదలు. తమ్ముడు ఆగిన రోజు వాడొక్కడే ఆగాడు.

"ఈ రాతిరికే," అన్నాను. "రాతిరికే వొచ్చి పడిపోద్దట. ఎల్తే తిరిగి రారు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! కుర్రవాళ్ళ చేతులు పక్క బోటు మీద నుంచి జారాయి. ఒకాయన కొబ్బరికాయ మెల్లగా ఇసకలో పెట్టేశాడు. దుర్గ కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది.

"నానా," అంది యమున.

నేను తల తిప్పలేదు. దాని అడుగులు నా వెనక నుంచి ముందుకి వచ్చాయి. తండ్రికీ నాకూ మధ్య నిలబడింది. పాలిపోయిన ముఖం, తడి లేని కళ్ళు.

"నానా, అమ్మ సేతిలో కాగితం తీసుకో. నువ్వే సదువు."

ఎల్లాజీ ఒకసారి కూతురి ముఖం చూశాడు, ఒకసారి నా ముఖం చూశాడు. తరవాత కాగితం ఉన్న నా పిడికిలి వైపు చెయ్యి చాచాడు.